ఒకుదా గారి బొమ్మకి రెండో కన్ను

భవిత గురించి చెప్పాలంటే నా తప్పు దగ్గరే మొదలుపెట్టాలి. చుట్టూ తిప్పి చెప్పే ఓపిక నాకు ఏనాడూ లేదు. అమెరికాలో, ఈ చాండ్లర్‌లో ముప్పై రెండేళ్లు పిల్లల డాక్టర్‌గా పనిచేసి రిటైరయినదాన్ని. బిడ్డకి ఏముందో తల్లికి మొహం మీదే చెప్పేదాన్ని. ఈ ఒక్క సంగతి మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

భవితది హనుమకొండ. ముప్పై ఏడేళ్లుంటాయి. మా వీధిలోనే నాలుగో ఇంట్లో అద్దెకుంటోంది. ఇక్కడ తెలుగువాళ్లు కొత్తగా కలిస్తే ముందు ఏ కంపెనీ, తర్వాత ఏ టెక్నాలజీ అని అడుగుతారు. ఈ పిల్ల మాత్రం హైదరాబాద్‌లో జపనీస్ భాష చదువుకుంది. ఒసాకాలో ఆరేళ్లు ఉద్యోగం చేసి, ఆ తర్వాత హెచ్-వన్ వీసా మీద ఇక్కడికి వచ్చింది. కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలకి రసాయనాలు అమ్మే ఒక జపాన్ కంపెనీకి ఊరి బయట ప్లాంట్ ఉంది. జపాన్ పెద్దల మాట అమెరికన్ మేనేజర్లకి, వీళ్ల మాట వాళ్లకి చెప్పడం ఆమె ఉద్యోగం. భర్త సిద్ధార్థ్‌కి మార్చిలో ఉద్యోగం పోయింది. అప్పటి నుంచి అతనూ, పదకొండేళ్ల కూతురు ఇషితా ఈ పిల్ల వీసా మీదే ఈ దేశంలో ఉన్నారు.

ఈ ఏడాది ఎండాకాలం నుంచి ఆమె నెత్తిన ఇంకో పని పడింది. రోజూ పొద్దున్నే టోక్యో రాజకీయాల మీద ఒక పేజీ ఇంగ్లీషులో రాసి మేనేజర్లకి పంపాలి. ఎందుకంటే ఇక్కడ రెండో యూనిట్ కట్టడానికి జపాన్ ప్రభుత్వం సాయం చేస్తుందని ఆ దేశపు పరిశ్రమల మంత్రి మాటిచ్చాడు. ఆయన పేరు నామెకావా. ఉన్న ప్రధాని దిగిపోతున్నానని ప్రకటించగానే పాలక పార్టీ అధ్యక్ష పదవికి ఈ నామెకావా కూడా నిలబడ్డాడు. అక్కడ జనం నేరుగా ప్రధానిని ఎన్నుకోరట. పాలక పార్టీకి అధ్యక్షుడైనవాడే దాదాపుగా ప్రధాని అవుతాడు. భవిత చదువుకునే రోజుల్లో అయితే అక్కడ ఏడాదికొకరు మారేవారట. పరీక్ష కోసం ప్రధాని పేరు బట్టీ పట్టేలోపు ఆయన దిగిపోయేవాడని నవ్వుతూ చెప్పేది.

మా ఆయన దక్షిణామూర్తికి ఇదంతా పండగ. ఆయన రిటైరైన ఇంజనీరే కానీ పుట్టుక తెనాలిది, రాజకీయం లేకపోతే కాఫీ రుచించదు. సాయంత్రం భవిత రాగానే పెన్ను పట్టుకుని కూర్చునేవాడు.

"అయితే అమ్మాయ్, ఆ పార్టీలో ముఠాలన్నీ రద్దు చేశామన్నారుగా? మరి ఈ విందులేంటి, రోజుకొకడి ఇంట్లో?"

"పేరుకు రద్దు చేసిన్రు అంకుల్. మనుషులు ఆడనే ఉన్నరు గదా. ఫస్ట్ రౌండ్‌ల పార్టీ మెంబర్ల ఓట్లు కూడా లెక్కలకొస్తయి. అండ్ల మా నామెకావానే ముందుంటడు. ఎవ్వరికీ సగం దాటకపోతే ఇద్దరికే రెండో రౌండ్. అక్కడ ఎంపీలదే రాజ్యం. నాకు అదే భయం."

"మన క్యాంపు రాజకీయాలే. కాకపోతే రిసార్టు లేదు," అని ఆయన తేల్చేవాడు.

ఆయనకి అది ఆట. ఆ పిల్లకి బతుకు. ఈ వీసా ఆరేళ్లే ఇస్తారు. ఆమెకి నాలుగేళ్లు దాటిపోయాయి. కంపెనీ గ్రీన్ కార్డ్ పని మొదలుపెడితే గడువు పొడిగిస్తారు, లేకపోతే సర్దుకుని పోవాలి. ఈ అక్టోబర్‌లో మొదలుపెట్టకపోతే ఇక లెక్క కుదరదని లాయర్ కచ్చితంగా చెప్పేశాడు. కావలసింది ప్లాంట్ పెద్ద ఒకుదా గారి సంతకం ఒక్కటే. ఆయన స్క్రీన్ మీద వేలితో సంతకం గీసే మనిషి కాదు. కాగితం మీద పెన్నుతో పెట్టి, పక్కన తన ముద్ర వేస్తాడు. భవిత ఆ కాగితాలు కవర్లో పెట్టి తీసుకెళ్తే ఆయన చదివి, రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

"ఎన్నిక కానివ్వండి. నామెకావా గారు గెలిస్తే టోక్యో హెడ్డాఫీసులో ఎవరూ ప్రశ్న వెయ్యరు. అప్పుడు పెడతాను," అన్నాడట.

అప్పటి నుంచి ఆ కవరు ఆమె కారులో, పక్క సీటు మీదే ఉంది. ఎక్కడో దూరదేశంలో, తను ఓటెయ్యని ఎన్నికలో, మొహం కూడా చూడని నాలుగు వందల మంది ఎంపీల మీద ఒక ఇల్లు ఆధారపడి ఉంది.

ఒకుదా గారిది నామెకావా నియోజకవర్గమే. తండ్రుల కాలం నుంచీ ఆ కుటుంబానికి అభిమాన సంఘం ఉంది. ఈయన దాంట్లో పెద్ద మనిషి. చాండ్లర్‌లో ఉన్నా ఆయన బల్ల మీద పంపరపనసకాయంత ఎర్రటి గుండ్రని బొమ్మ ఉండేది. కాళ్లూ చేతులూ ఉండవు, మీసాల మొహం ఒకటే. దరుమ అంటారట. మన బోధిధర్ముడే అంటాడు మా ఆయన. వెనకవైపు నామెకావా స్వయంగా కుంచెతో రాసిన సంతకం కూడా ఉంది. రెండేళ్ల కిందట ప్లాంట్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఒక కుర్రాడు తమాషాకి ఆ బొమ్మ నెత్తిన కాగితం టోపీ పెట్టాడట. ఒకుదా గారు మారుమాట లేకుండా టోపీ తీసి చెత్తబుట్టలో వేశాడు. నెల తిరక్కుండా ఆ కుర్రాడు కనపడకుండా పోయాడు. తనే మానేశాడో, వాళ్లే పంపేశారో ఎవరికీ తెలియదు. ఈ కథ భవిత నాకు రెండుసార్లు చెప్పింది.

ఇక నా నిర్వాకం. దసరాకి మా ఇంట్లో బొమ్మల కొలువు పెడతాను. ఏడు మెట్లు. ఏటా ఒక కొత్త దేశపు బొమ్మ ఉండాలని నా పంతం. ఈ ఏడు దసరా, వాళ్ల ఎన్నిక ఒకే వారంలో పడ్డాయి. "మీ ఆఫీసులో ఎర్ర బొమ్మ ఉందంటివిగా, నాలుగు రోజులు అడిగి తేవే" అని ఆ పిల్లని నేనే పీక్కుతిన్నాను. వద్దంటే వినే రకాన్నా నేను? పాపం భయపడుతూనే అడిగింది. ఆశ్చర్యం, ఒకుదా గారు సంతోషించాడట. మీ దేవతల పక్కన కూర్చోబెట్టండి, నామెకావా గారికి ఇంకో దేశం ఆశీర్వాదం దొరుకుతుంది అన్నాడట. శుక్రవారం పొద్దున మాత్రం తిరిగి బల్ల మీద ఉండాలి. టోక్యోలో ఓటింగ్ శుక్రవారం మధ్యాహ్నం. మనకి అది గురువారం రాత్రి అవుతుంది. శుక్రవారం పొద్దున్నే వాళ్లూరి అభిమాన సంఘంతో వీడియో కాల్ ఉంది. రెండు వందల మంది చూస్తుండగా ఆ బొమ్మని చూపించాలి.

సోమవారం మధ్యాహ్నం భవిత గుమ్మంలోనే సంచీ నా చేతికిచ్చి, ఇషితని స్కూల్ నుంచి తేవాలని పరుగెత్తింది. బట్ట విప్పి చూశాను. ఒక కన్ను నల్లగా ఉంది, రెండోది తెల్లగా ఉంది. పాతబడి రంగు రాలిపోయిందనుకున్నాను. ఒంటికంటి బొమ్మని మెట్టు మీద ఎలా పెడతాను? మా అమ్మ చెయ్యి విరిగిన శెట్టిగారి బొమ్మని కూడా ముందు అతికించిన తర్వాతే పెట్టేది. కొండపల్లి బొమ్మలకి రంగు దిద్దే ఎనామిల్ డబ్బాలు, సన్న కుంచెలు నా దగ్గర ఎప్పుడూ ఉంటాయి. కళ్లద్దాలు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, పక్క కంటికి సరిగ్గా సరిపోయేలా రెండో కన్ను దిద్దాను. ఎంత బాగా కుదిరిందో అని మా ఆయన్ని పిలిచి మరీ చూపించాను. మూడో మెట్టు మీద దశావతారాల పక్కన కూర్చోబెట్టాను.

సాయంత్రం పేరంటానికి భవిత పట్టుచీర కట్టుకుని వచ్చింది. సెనగల పొట్లం అందుకుంటూ మెట్ల వైపు చూసింది. పొట్లం చేతిలోంచి జారిపోయింది.

"ఆంటీ, కన్ను ఎవరు పెట్టిన్రు?"

"నేనే. పోయిందిగా పాపం."

"పోలే ఆంటీ! కోరుకున్నప్పుడు ఒక కన్ను పెడతరు. గెలిచినంక రెండోది. అట్ల ఖాళీగనే ఉంచాలె." మెట్టు దగ్గరికి వెళ్లి వంగి చూసింది. "ఆ రెండో కన్ను శుక్రవారం ఒకుదా సార్ పెట్టాలె. అందరి ముంగట."

పేరంటాళ్లు వెళ్లాక నెయిల్ పాలిష్ తీసే మందు దూదికి అద్ది, బొమ్మ అడుగున కొంచెం రుద్ది చూశాను. ఎర్ర రంగే ఊడి వచ్చింది. ఇక కంటి జోలికి పోలేదు. ఇలాంటిదే ఇంకోటి ఆన్‌లైన్‌లో కొందామని మా ఆయన ఫోన్ తీశాడు. వెనక ఉన్న నామెకావా సంతకం ఎవరు పెడతారని భవిత అడిగితే ఫోన్ పక్కన పెట్టేశాడు.

ఆలోచించినకొద్దీ భయం పెరిగింది. నామెకావా గెలిస్తే, సభలో పెట్టడానికి కన్నే లేదు. ఓడితే, గెలవకముందే కన్ను పెట్టి చెడగొట్టారంటారు. వాళ్లు అనకపోయినా మనసులో అనుకుంటారు. సంతకం పెట్టాల్సిన చెయ్యి ఆయనది. ఎటు చూసినా ఆ పిల్లకి దారి కనపడలేదు. నాకూ కనపడలేదు.

మంగళవారం ఆఫీసులో ఒకుదా గారు అడగనే అడిగాడు. బొమ్మ క్షేమమేనా అని. భవిత క్షేమం అనేసింది. సాయంత్రం మా వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఆ మాటే పదిసార్లు చెప్పింది.

"అబద్ధం చెప్పిన ఆంటీ. పదేండ్లల్ల ఒక్క జపాన్ ఆయనకు కూడా నేను అబద్ధం చెప్పలే. రేపు మల్ల అడుగుతడు. నా మొహం చూస్తే ఎరుకైపోతది. నాకు భయమైతుంది."

అప్పుడు నేనొక సలహా ఇచ్చాను. జీవితంలో ఎన్నో సలహాలిచ్చాను, చాలావరకు డబ్బు తీసుకుని. ఇది ఊరికే ఇచ్చాను.

"రేపూ ఎల్లుండీ వెళ్లకు. జ్వరమని మెసేజ్ పెట్టు. ఫోన్ ఆపెయ్, లాప్‌టాప్ ముయ్యి. ఎన్నిక అయిపోనీ. గెలిస్తే ఆయన సంతోషంలో ఉంటాడు, అప్పుడు నేనే వచ్చి కాళ్లమీద పడతాను."

"ఓడిపోతే?"

"అప్పటి సంగతి అప్పుడు చూద్దాం."

ఆమె నా మొహంలోకి చూసింది. ముప్పై రెండేళ్లు తల్లులు నన్ను చూసిన చూపే. ఈవిడకి తెలుసు అన్న నమ్మకం. నాకేమీ తెలియదు.

బుధవారం, గురువారం ఆమె ఇల్లు కదల్లేదు. ఫోన్ బీరువాలో బట్టల కింద పెట్టిందట. నేను ఇంట్లో కొలువు ముందు దీపం పెట్టేటప్పుడు ఆ బొమ్మ వైపు చూడలేకపోయాను. కోపంగా చూస్తున్నట్టే ఉండేది. దాని మొహమే అంత, మీసాలు అలా దిద్దుతారు. అయినా బెదురు పోలేదు. బుధవారం సాయంత్రం మా ఆయన అంతర్జాతీయ వార్తలు చదువుతూ, పోటీలో ఉన్న మూడోవాడి మనుషులు రెండో రౌండ్‌లో ఎటు తిరుగుతారో తెలియట్లేదని గొణిగాడు. నోరు ముయ్యమన్నాను. యాభై ఏళ్ల కాపురంలో అంత గట్టిగా అనడం అదే మొదలు.

శుక్రవారం పొద్దున ఆరున్నరకి భవిత మా తలుపు కొట్టింది. మొహం చూడగానే తెలిసిపోయింది. మొదటి రౌండ్‌లో నామెకావానే ముందున్నాడు. రెండో రౌండ్‌లో మూడోవాడి మనుషులంతా అవతలివాడి వైపు తిరిగారు. పంతొమ్మిది ఓట్లతో ఓడిపోయాడు. ఆమె ఇన్నాళ్లూ దేనికి భయపడిందో అదే జరిగింది.

"నేనొస్తా. తప్పు నాది," అన్నాను. బొమ్మని అదే బట్టలో చుట్టి ఒడిలో పెట్టుకున్నాను. భవిత పక్క సీటు మీది కవరు తీసి డాష్‌బోర్డ్ మీద పెట్టింది. సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడ్డా కారు కదల్లేదు, వెనకవాడు హారన్ కొట్టాల్సి వచ్చింది.

ఒకుదా గారు పొట్టి మనిషి. తల పండిపోయింది. రాత్రంతా నిద్రపోని కళ్లు. వీడియో కాల్ అప్పుడే అయిపోయినట్టుంది, స్క్రీన్ నల్లగా ఉంది. నేను కూర్చోకుండానే మొత్తం ఇంగ్లీషులో చెప్పేశాను. కొలువు, ఎనామిల్, కుంచె, అబద్ధపు జ్వరం, అన్నీ. భవిత నేల వైపు చూస్తూ నిలబడింది. ఆయన బట్ట విప్పి బొమ్మని రెండు చేతులతో తీసుకున్నాడు. రెండో కన్ను మీద బొటనవేలు ఆనించాడు. కోప్పడతాడని నేను పళ్లు బిగబట్టాను.

"ఎందుకు పెట్టారు?" అని నన్నడిగాడు, నెమ్మదిగా.

"కన్ను లేని బొమ్మని మా ఇంట్లో మెట్టు మీద పెట్టం."

ఆయన తలూపాడు. "మంచి కారణం," అన్నాడు. తర్వాత భవిత వైపు తిరిగాడు. ఇంగ్లీషులోనే మాట్లాడాడు, నాకూ అర్థం కావాలనేమో.

"బుధవారం పొద్దున పదింటికి ఫోన్ చేశాను. నాలుగుసార్లు. ఈమెయిల్ కూడా పెట్టాను. గురువారం మళ్లీ రెండుసార్లు."

"బొమ్మ కోసమేనని..." అంది భవిత.

"బొమ్మ కోసం కాదు. మంగళవారం రాత్రి మా ఊరి నుంచి ఫోన్ వచ్చింది. మూడో వర్గం మాకు రాదని తెలిసిపోయింది. ఓడిపోతామని నాకు అప్పుడే తెలుసు. ఓడాక నా సంతకానికి విలువ ఉండదు. అందుకని ముందే పెట్టేద్దామనుకున్నాను. కవరు మీ దగ్గరుంది."

బల్ల సొరుగు లాగాడు. లోపల పెన్ను ఉంది. పక్కనే చిన్న ముద్ర, ఎర్రసిరా డబ్బా, తుడుచుకోవడానికి మడిచిన కాగితం. బుధవారం నుంచి అవి అలాగే ఉన్నాయని ఆయన చెప్పలేదు. చెప్పక్కర్లేదు.

"కవరు కార్‌ల ఉంది సార్. ఇప్పుడే తెస్తా. రెండు నిమిషాలు." భవిత తెలుగులో అంది. తెలుగులో అన్నానని కూడా ఆమెకి తెలియలేదు. అప్పటికే తలుపు వైపు నడిచింది.

"భవిత-సాన్," అన్నాడాయన. ఆగింది. "పొద్దున అయిదింటికి టోక్యో నుంచి ఆర్డర్ వచ్చింది. రెండో యూనిట్ ఆగిపోయింది. కొత్త సంతకాలేవీ చెల్లవు. నన్ను నెలాఖరుకి వెనక్కి పిలిచారు." ఆయన లేచి నిలబడి, నడుం వంచి, చాలాసేపు అలాగే ఉండిపోయాడు. ఓడిపోయిన పెద్దమనిషి ఆ పిల్లకి క్షమాపణ చెబుతున్నాడు. ఎక్కడికైనా పారిపోదామనిపించింది నాకు. ఆ గదిలో క్షమాపణ చెప్పాల్సింది నేను.

వచ్చేటప్పుడు బొమ్మని నాకే ఇచ్చేశాడు. ఓడినా గెలిచినా చివరికి గుడిలో కాల్చేస్తారట, కానీ గెలవకుండానే రెండు కళ్లొచ్చినదాన్ని కాల్చడానికి తనకి చెయ్యి రాదన్నాడు.

పార్కింగ్‌లో కారు తలుపు తీసి భవిత అలాగే నిలబడిపోయింది. డాష్‌బోర్డ్ మీద కవరు, ఎండకి అంచులు పైకి లేచాయి. నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"కన్నుకు ఆయన ఏమనలే ఆంటీ," అంది చివరికి. "నేను ఫోన్ ఎత్తితే సంతకం అయిపోతుండె గదా."

ఫోన్ ఆపెయ్యమన్నది నేనే అని ఆమె గుర్తుచేయలేదు. ఇవాళ్టికీ చెయ్యలేదు. ఇంకో పద్నాలుగు నెలల గడువుంది. వేరే కంపెనీల్లో వెతుకుతోంది. జపనీస్ తెలిసిన మనిషి కావాలన్నవాడు ఇంతవరకూ ఒక్కడే దొరికాడు, వాడు వీసా ఇవ్వనన్నాడు. ఇషిత వచ్చే ఏడు ఏ స్కూల్లో ఉంటానని అడిగితే సిద్ధార్థ్ మాట మారుస్తున్నాడు.

దసరా వెళ్లాక బొమ్మలన్నీ పాత చీరముక్కల్లో చుట్టి పెట్టెల్లో సర్దాను. ఆ ఎర్రబొమ్మని మాత్రం సర్దలేదు. వంటింటి కిటికీ దగ్గర పెట్టాను. అక్కడి నుంచి భవిత వాళ్ల ఇంటి గుమ్మం కనిపిస్తుంది. రోజూ పొద్దున కాఫీకి గిన్నె తీస్తూ ముందు ఆ గుమ్మం వైపు చూస్తాను. బయట సామాను సర్దిన అట్టపెట్టెలు లేవని తెలిశాకే స్టవ్ వెలిగిస్తాను.